సినిమాలో లేని అధ్యాయం

సినిమాలు తీసేవాళ్ళకి చదవడం రాదని నా పదహారో ఏట నేను గట్టిగా నమ్మేదాన్ని. చదవడం వస్తే అంత మంచి నవలని పట్టుకుని అలా ఎందుకు పాడుచేస్తారు? నల్లగా, బక్కగా, పళ్ళు కొంచెం ఎత్తుగా ఉంటుందని పుస్తకంలో రాసిన అమ్మాయి తెర మీదికొచ్చేసరికి పాలమీగడలా తయారయ్యేది. వెదురు గుడిసె మేడ అయిపోయేది. చేపలమ్ముకునే తండ్రి బడిపంతులయ్యేవాడు. పుస్తకంలో ఎవరూ పాడరు. సినిమాలో పడవెక్కినా పాటే, పడవ దిగినా పాటే. ఈ సంగతులన్నీ నేను అడిగినవాళ్ళకీ చెప్పేదాన్ని, అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని. బర్మాలో మేముండే పజుండౌంగ్ పేటలో మా వీధివాళ్ళు నన్ను చూస్తే పక్కసందులోకి తప్పుకునేవారని మా అమ్మ అనేది. అందులో అబద్ధం కొంచెమే.

ఇంట్లో నేను చిన్నమ్మిని, బడిలో బర్మా పేరుతో మ తీడాని. ఆ వేసవికి పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. పాసవుతానో లేదో తెలీదు. పాసైనా, తాతల కాలంలో ఓడెక్కి వచ్చిన మాలాంటివాళ్ళ పిల్లలకి ఏ కాలేజీలో చోటిస్తారో అసలే తెలీదు. పౌరసత్వ చట్టం మారిందని ఒకరు, మారినా మనకేం కాదని ఒకరు. కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున్న లేస్తే ఎండ, మధ్యాహ్నానికి కరెంటు పోయి ఆగిపోయిన ఫ్యాను. వానలు ఎప్పుడు పడతాయా అని ఊరు ఊరంతా పైకి చూసేది. నాకున్న ఒకే ఒక్క దిక్కు డా ఖిన్ గారి అద్దె పుస్తకాల కొట్టు.

ఆ ఎండల్లోనే ఇన్సేన్ నుంచి రాజ్యం అత్త వచ్చింది. రాజ్యం మా నాన్నకి చెల్లెలు. ఒంట్లో నలతగా ఉందంది, నాలుగు రోజులుండి వెళ్తానంది. చెంపలకి తనక్కా గంధం దట్టంగా పట్టించుకుని వచ్చింది. గుమ్మంలోనే మా నాయనమ్మ అప్పలనరసమ్మ నవ్వేసింది.

"ఓలమ్మ, ఇన్సేనెల్లి బర్మా పిల్లయిపోనావేటే!" అంది.

అత్త కూడా నవ్వింది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు, ఆ దిగులే అయ్యుంటుందని మా అమ్మ, నాయనమ్మ ఇద్దరూ అనేసుకుని, ఇంక ఆ విషయం కదపలేదు. నాలుగు రోజులు కాస్తా నెలయింది. నెల దాటింది.

మధ్యాహ్నాలు మా ఇంట్లో చింతపండు పని ఉండేది. వీధి చివరి కొట్టతను బుట్టల్తో పంపిస్తే ఆడవాళ్ళు కూర్చుని గింజ తీసి, పీచు తీసి ఇచ్చేవారు. నాకు మాత్రం ఆ పని తప్పింది. పుస్తకం మీద చింతపండు మరక పడితే డా ఖిన్ ఇంకెప్పుడూ గుమ్మం తొక్కనివ్వదు కాబట్టి, చేతులు శుభ్రంగా ఉంచుకోవడమే నా పని. మా ఇంట్లో బర్మా అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. నేను బర్మాలో లోపల చదువుకుని, పైకి తెలుగులో చెప్పుకుంటూ పోయేదాన్ని. వాళ్ళు గింజలు తీస్తూ వినేవారు. మా నాన్న దండాసికి రేవులో రాత్రి డ్యూటీ. పాత లుంగీలు కలిపి కుట్టిన కర్టెన్ వెనకాల పగలంతా నిద్రపోయేవాడు. "ఆడోళ్ళ కతలు, మెల్లగా సెప్పుకోండి," అని ముందే ఒక కేక వేసి గురక మొదలుపెట్టేవాడు.

ఆ వేసవి డా ఖిన్ కొట్టులో ఒకే ఒక నవల కోసం జనం ఎగబడ్డారు. దాన్ని అప్పుడే సినిమాగా తీస్తున్నారు. అద్దెకి తెచ్చుకోవడానికి నేను ఆ కొట్టు ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో, డా ఖిన్‌ని ఎంత కాకా పట్టానో నాకే తెలుసు. కథ మ న్వే అనే ఒక ఆవిడది. మొగుడు కో టిన్ పడవ సరంగు. ఆవిడ మొగుణ్ణి వదిలేసి రేవుగట్టున మొహింగా అమ్ముకుని బతుకుతుంది. ఇంతకంటే ఏమీ లేదు. కానీ ఎంత బాగా రాశారో! ఆ చేపల పులుసు వాసన మా చింతపండు వాసనని కూడా మింగేసింది.

ఒక మధ్యాహ్నం ఆ అధ్యాయం దగ్గరికి వచ్చాం. నేను చెప్తున్నాను: "కో టిన్ తడిసిన లుంగీ మెలిపెట్టి పట్టుకున్నాడు. తడిబట్టతో కొడితే చప్పుడు పక్కింటికి వినబడదని వాడికి తెలుసు. తెల్లారి మ న్వే సంతకెళ్ళాలి. మొహం మీద కమిలిన చోట తనక్కా గంధం రెండు పూతలు రాసుకుంది."

"ఆడి సేతులు పడిపోనూ!" అని నాయనమ్మ చింతపండు ముద్దని బుట్టలోకి విసిరికొట్టింది. అమ్మ ముక్కు చీదింది. అత్త చేతులు తుడుచుకుంటూ లేచి, "మంచినీల్లు తాగొస్తాను," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాదు. మంచి పట్టులో కథ ఆగిపోయిందని నాకు ఒళ్ళు మండింది. కర్టెన్ వెనకాల నాన్న గురక కూడా ఆగింది. లేచి మమ్మల్ని తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు.

చివరి పేజీ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒకరోజు కో టిన్ రేవుగట్టుకి వస్తాడు. ఒక గిన్నె మొహింగా తింటాడు. ఏదో అనబోయి అనలేక లేచి వెళ్ళిపోతాడు. మ న్వే ఆ గిన్నె కడిగి, వెనకాల నిలబడ్డవాడికి వడ్డిస్తుంది. అంతే, పుస్తకం అయిపోయింది.

"అదేటి? మరి ఎల్లదా?" అంది నాయనమ్మ.

"వెళ్ళదు."

"ముసిలయ్యాక?"

"పుస్తకం అయిపోయింది నాయనమ్మా!"

"ఎల్లదమ్మా," అంది అత్త. ఆ పుస్తకం గురించి ఆ వేసవంతా అత్త అన్నది ఆ ఒక్క మాటే.

ఆదివారాలు అత్త మొగుడు ఢిల్లేశ్వరరావు మావయ్య వచ్చేవాడు. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, చేతిలో రవ్వతో చేసిన బర్మా మిఠాయి పొట్లం. గుమ్మంలోంచే, "మ తీడా గారూ, ఈ వారం ఏ సినిమా వోన్ని తిట్నారు?" అని అడిగేవాడు. మావయ్యంటే నాకు చాలా ఇష్టం. సినిమా గురించి నాతో సరిసమానంగా వాదించే మనిషి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఏ హాల్లో ఏది ఆడుతోందో, ఎవరి పక్కన ఎవరు వేశారో మావయ్యకి నోటికి వచ్చు. నేను పుస్తకం పక్షం, ఆయన సినిమా పక్షం.

"పుస్తకమెవుడు సదువుతాడే? మూడు గంటల్లో సుబ్బరంగా అయిపోయేదానికి," అనేవాడు.

"మూడు గంటల్లో అయిపోవాలని సగం మింగేస్తే ఎలా?" అనేదాన్ని.

అత్తతో మాత్రం మెత్తగా, బతిమాలుతున్నట్టు మాట్లాడేవాడు. "ఇల్లు బోసిపోనాది రాజ్యం," అనేవాడు. అత్త టీ గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఇంత మంచివాణ్ణి పట్టుకుని ఈ పిల్లకి ఈ బెట్టేమిటని నాయనమ్మ గొణిగేది. లోపల్లోపల నాకూ అలాగే ఉండేది.

బర్మావాళ్ళ కొత్త సంవత్సరం నీళ్ళ పండగ అయిపోయింది, వానలు ఇంకా రాలేదు. సినిమా వచ్చేసింది. ఆ ఆదివారం మావయ్య వస్తూనే వెలిగిపోతున్నాడు.

"నాను రెండుసార్లు సూసీసినాను. ఆఖర్ని ఆవిడ మొగుడి దగ్గిరికి ఎనక్కొచ్చీస్తాది. హాలు హాలంతా ఏడుపే," అన్నాడు.

"అబద్ధం! పుస్తకంలో రాదు."

"సినిమాలో వస్తాది."

"అయితే సినిమా తప్పు."

"తప్పో ఒప్పో నువ్వే సూసి సెప్పు. ఎల్లే ఆదివారం అందరికీ టిక్కెట్లు తెస్తాను. అత్తా, నువ్వూ రావాల. బావా, నువ్వూని. సూసీసి, మీ రాజ్యం అట్నుంచి అటే నాతోటి ఇన్సేనొచ్చెస్తాది. ఏటంతావు బావా?"

నాన్న అప్పుడే లేచి మొహం కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. "వానలడ్డాక రోడ్లు బాగుండవు. ఈలోగా ఎల్లిపోవడమే మంచిది," అన్నాడు.

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి వింది. ఆ వారమంతా చింతపండు బుట్ట ముందు కూర్చుని గింజ తీసింది, మధ్యమధ్య గింజ ఎక్కడ పారేస్తోందో తెలియక పండులోనే వేసేసింది. రాత్రి నా పక్కన పడుకుని అటు తిరిగేది, ఇటు తిరిగేది. నేనూ అంతే, కానీ నా బాధ వేరు. అంత బంగారంలాంటి చివరి పేజీని మార్చేశారన్న మంటతో నాకు నిద్ర పట్టేది కాదు. శనివారం అమ్మ అత్త బట్టలు ఉతికి మడత పెట్టింది.

సూలే పగోడా దగ్గరి సినిమా హాలు ఎంత కిక్కిరిసిందంటే, చెమట వాసనా పొద్దుతిరుగుడు గింజల వాసనా కలిసి లోపల ఊపిరాడలేదు. జెండా పాట వేశారు, అందరం నిలబడ్డాం. మోకాళ్ళ నొప్పుల నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచి, "ఈ పాట పొట్టిది సేస్తే వీలకి ఏటి పోతాదే?" అంది. నేను నాయనమ్మ నోరు మూశాను. నాయనమ్మ ఒక పక్కన, అత్త ఒక పక్కన, మధ్యలో నేను. బర్మా సినిమాకెళ్తే నా చోటు ఎప్పుడూ అదే. తెర మీద వాళ్ళు అన్నదల్లా నాయనమ్మ చెవిలో తెలుగులో అంటూ ఉండాలి. వెనకాల కూర్చున్న బర్మా ఆవిడ ఉస్సు ఉస్సంటూ ఉంటుంది. అదీ ఎప్పుడూ ఉన్నదే. అత్తకి మాత్రం నా అవసరం లేదు. పెదవి విప్పి బర్మా మాట్లాడదు గానీ వింటే అన్నీ తెలుస్తాయి. అత్త బట్టల సంచీ తన కాళ్ళ దగ్గరే ఉంది.

మొదటి రీలుకే నా తప్పుల పట్టీ మొదలయింది. మ న్వే పాలమీగడే. పడవ సరంగు ఇంట్లో సోఫా ఉంది. మొహింగా కొట్టుకి పూల గుడ్డ పరిచారు, ఎక్కడైనా ఉంటుందా? కో టిన్‌గా వేసినవాడు అందగాడు, కళ్ళనిండా నీళ్ళే. ఒక రాత్రి కోపమొచ్చి కంచం విసిరేశాడు. అన్నం నేలపాలయింది. మ న్వే గోడకి ఆనుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. వెంటనే నది, వెన్నెల, పాట. ఆ పాట కోసం ఒక అధ్యాయమంతా మింగేశారని నేను పళ్ళు కొరికాను. అదీ పట్టీలో చేర్చేసుకున్నాను, పూల గుడ్డ పక్కన.

ఆఖర్లో వాన. రేవుగట్టున కో టిన్ తడుస్తూ నిలబడ్డాడు. మ న్వే చూసింది, గరిటె కింద పడేసింది, పరిగెత్తింది. వాడి కాళ్ళ దగ్గర కూర్చుని చేతులు జోడించి ఏదో అంది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తున్నారు. మావయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు, నిజంగానే.

"ఏటంతందే?" అని నాయనమ్మ నన్ను పొడిచింది.

నేను చెప్పలేదు. ఆ ముక్క నా నోటితో అనబుద్ధి కాలేదు.

"ఓలే, ఏటంతంది?"

అత్త నా ముందునుంచి నాయనమ్మ వైపు వంగింది. "తప్పంతా నాదే, నీతో వొచ్చెస్తానంతందమ్మా," అని చెప్పి, మళ్ళీ తన కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

బయటికొస్తే మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. జనం ఒకరినొకరు తోసుకుంటూ బస్సుల వైపు పోతున్నారు. నాయనమ్మ పైట కొంగుతో ఇంకా కళ్ళు ఒత్తుకుంటోంది.

"బాగుంది. ఎల్లిపోనాది, మంచి పని సేసినాది. ఆ పుస్తకం కంటే ఇదే బాగుంది," అంది.

"సూసావా చిన్నమ్మీ, మీ నాయనమ్మే నా పార్టీ!" అని మావయ్య నవ్వి, అత్త చేతిలోంచి సంచీ అందుకున్నాడు. నేను నా పట్టీ విప్పబోయాను. సోఫా దగ్గర మొదలుపెడదామని నోరు తెరిచాను.

"బావా, ఆ తడి లుంగీ రానేదేటి?" అన్నాడు నాన్న.

ముందు నాకు అర్థం కాలేదు. నాన్న పుస్తకం చదవలేదు, చదవలేడు. ఆడవాళ్ళ కథ ఎప్పుడూ వినలేదు, గురక పెట్టి నిద్రపోయాడు.

"ఏ లుంగీ బావా?"

"ఆ సరంగు దాన్ని తడి లుంగీతోటి కొడతాడు కదా. మర్నాడు గందం రాసుకుని సంతకెల్తాది. అది సూపించలేదేటి?"

"ఓస్, అదా!" అన్నాడు మావయ్య. "అదెందుకు బావా సినిమాలో? నలుగురూ సూసేది. ఆమాత్రం ఏ ఇంట్లో ఉండదేటి?"

అత్త నేల వైపు చూస్తోంది. ఇన్సేన్ బస్సు వచ్చి ఆగింది, కండక్టరు తలుపు మీద కొడుతూ ఊరి పేరు అరుస్తున్నాడు. నాన్న చెయ్యి చాపి, మావయ్య చేతిలోని సంచీ తన చేతిలోకి తీసుకున్నాడు.

"అది తీసీసి సూపిస్తే ఎవులైనా ఎనక్కెల్తారు," అన్నాడు. "నువ్వెల్లు బావా. రాజ్యం రాదు."

"అదేటి బావా? మాటిచ్చి..."

"బస్సెల్లిపోతంది. ఎల్లు."

నాన్న గొంతు పెంచలేదు. రేవులో సామాను దించేవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు. మావయ్య నాన్నని చూశాడు, అత్తని చూశాడు. చివరికి నన్ను చూశాడు, నేనేదో సర్దిచెప్తానన్నట్టు. నేను బస్సు వైపు తల తిప్పుకున్నాను. బస్సు కదిలింది. మావయ్య పరిగెత్తి కమ్మీ పట్టుకున్నాడు.

మేం పజుండౌంగ్ వైపు నడిచాం. అమ్మా నాయనమ్మా ముందు, ఏమైందో తెలీక గుసగుసలాడుకుంటూ. నాన్న, అత్త వెనకాల. నేను ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ మధ్యలో నడుస్తున్నాను, ఎవరితో కలవాలో తెలియలేదు. ఆ ఎండాకాలమంతా మేం మ న్వే కోసం ఏడ్చాం. కో టిన్ చేతులు పడిపోవాలని శాపాలు పెట్టాం. చివరి పేజీ మార్చేశారని నేను అన్నం మానేసినంత పని చేశాను. అదే గదిలో, అదే బుట్ట ముందు కూర్చున్న మా అత్తని మాలో ఒక్కరం, ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. పుస్తకంలో అంతా ఉంటుందని నేను ఊరంతా చాటింపు వేసుకు తిరిగాను.

వీధి మలుపులో నాన్న ఆగాడు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఎలా అడగాలో తెలీక, అత్త మొహం చూడకుండా అడిగాడు.

"నిన్నూ అలాగే కొట్టేవోడేటమ్మా? ఆ పుస్తకంలో లాగ?"

అత్త మెల్లగా అంది.

"పుస్తకంలో తక్కువే రాసారన్నయ్యా."